అడ్డుపుల్లకు తగిన కుర్చీ

పోయిన వారం మనం పెన్సిలమ్మను మూడో అంతస్తు మెట్ల మీద, చేతిలో పార్టీ ఆఫీసు ముద్ర ఉన్న కవరుతో నిలబెట్టి వచ్చేశాం. కవరు ఆమెది కాదు, వాళ్ళ నాన్నది. లోపల ఏముందో మాత్రం అప్పటికే సగం పట్నానికి తెలుసు. నూటొక్క మంది కూర్చునే సభలో పాత పార్టీ యాభై ఒక్క సీట్లతో ఎలాగో గట్టెక్కింది. ఒక్కరు అటు జరిగితే చాలు, ప్రభుత్వం గల్లంతే. ఆ జరిగే ఒక్కరు ఎవరని అడిగితే టీ కొట్టాయన కూడా తడుముకోకుండా చెబుతాడు: అడ్డుపుల్ల గారు.

ఇరవై ఏళ్ళుగా సొంత పార్టీ బిల్లులకే అడ్డం పడుతున్న పెన్సిలమ్మ నాన్నకు పత్రికలు పెట్టిన పేరది. మొదట్లో వెక్కిరింపుగా పెట్టారు, తర్వాత అలవాటైంది, ఇప్పుడు ముద్దుగా పిలుస్తున్నారు. ఆయన పాతకాలం మనిషి. ఆ మాట తనే గర్వంగా చెప్పుకుంటాడు. ఉన్నదాన్ని పీకేసేముందు అది ఎందుకుందో కనుక్కోండి అన్నది ఆయన సిద్ధాంతమంతా. చేతుల్లో ఫోన్లున్నాయి కదా అని రైల్వే స్టేషన్లో గడియారం తీసేస్తామంటే మూడు గంటలు మాట్లాడి ఆపించాడు. ఖైదీలు ఇంటికి ఉత్తరాలు రాసుకునే పాత హక్కును రద్దు చేయబోతే, ప్రతిపక్షంతో కలిసి సొంత ప్రభుత్వాన్ని ఓడించాడు. ఆయన్ని పార్టీలోంచి తీసేయాలని నాలుగుసార్లు అనుకున్నారు, నాలుగుసార్లూ మనసొప్పక మానుకున్నారు.

ఇప్పుడు ఆ కవరులో రెండు పదవులున్నాయి. రవాణా మంత్రిగా ఉంటారా, లేక సముద్రం అవతలి రాజ్యానికి రాయబారిగా వెళ్తారా? శనివారం సాయంత్రం నాలుగింటికి పార్టీ విప్పు, అంటే సభ్యులందర్నీ ఓటింగు వేళకు పోగుచేసి లోపలికి తోలే బాధ్యత ఉన్నాయన, స్వయంగా వచ్చి జవాబు తీసుకుంటాడు.

ఆ శనివారం వచ్చేసింది.

పొద్దున్న పదింటికి పెన్సిలమ్మ వంటింట్లోకి వచ్చేసరికి, నాన్న బనీనుతో నిలబడి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, నీళ్ళు చిలకరించి, కాలరు దగ్గర మొదలుపెట్టి కిందికి రావడం ఆయన పద్ధతి. డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో కూడా ఇస్త్రీ ఇంకొకరికి అప్పగించడు. కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తున్నాయి. కింద వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం షట్టరు పైకి లేస్తున్న చప్పుడు.

"ఏమనుకున్నావు నాన్నా?"

"చేతులు మడత పడకుండా చేయడం ఎలాగా అనుకుంటున్నాను."

"చొక్కా గురించి కాదు."

"తెలుసులేవే" అన్నాడాయన, తలెత్తకుండా.

పెన్సిలమ్మ టీకి నీళ్ళు పెట్టింది. నలభై నాలుగేళ్ళ మనిషి. సభ నడుమ, సభాపతి కుర్చీకి సరిగ్గా కిందనున్న బల్ల దగ్గర కూర్చుని, సభ్యులు మాట్లాడే ప్రతి మాటనూ షార్ట్‌హ్యాండులో రాసే ఉద్యోగం ఆమెది. పద్దెనిమిదేళ్ళ సర్వీసు. తోటివాళ్ళందరూ మెషీన్లకు మారినా ఆమె మాత్రం పెన్సిలు వదల్లేదు. అందుకే ఆ పేరు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళకు ఒక కట్టుబాటుంది. ఏ సభ్యుడి మాటకూ నవ్వకూడదు, ఎవరి మీదా అభిప్రాయం చెప్పకూడదు. ఆమె దాన్ని ఇంట్లో కూడా పాటించింది. నాన్న ఏ ప్రసంగం చేసి వచ్చినా, "ఎలా మాట్లాడానే?" అంటే, "స్పష్టంగా వినపడింది నాన్నా" అని మాత్రమే అనేది.

తలుపు తట్టకుండా లోపలికొచ్చే మనిషి ఆ ఇంటికి ఒక్కరే ఉన్నారు. నాన్నకు అక్క, పెన్సిలమ్మకు అత్తయ్య. డెబ్భై ఎనిమిదేళ్ళు, బాలికల పాఠశాలకు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. మూడంతస్తులెక్కినా ఆయాసపడినట్టు కనిపించకూడదని, గుమ్మం బయట రెండు నిమిషాలు నిలబడి ఊపిరి సర్దుకుని మరీ లోపలికొస్తుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

"ఒరే తమ్ముడూ, బనీను మీద పదవులు చర్చించకూడదు. చొక్కా తొడుక్కో."

"ఇంకా తడిగా ఉందక్కా."

"నీ మీద ఆరుతుందిలే."

ఆయన చొక్కా తొడుక్కున్నాడు. అత్తయ్య వంటింటి బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది, తమ్ముణ్ణి మాత్రం కూర్చోమనలేదు. మౌఖిక పరీక్షకొచ్చిన పిల్లవాడిలా ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడ్డాడు.

"సరే, మంత్రివయ్యావనుకుందాం. సోమవారం ప్రమాణం చేశావు. మంగళవారం మంత్రివర్గం కూర్చుంది. ప్రధాని ఒక మాటన్నాడు, నీకు నచ్చలేదు. ఏం చేస్తావు?"

"నచ్చలేదని చెబుతాను."

"చెప్పావు. అయినా అందరూ అటే అన్నారు. బయట విలేకరులున్నారు. ఏమనాలి?"

నాన్న కిటికీ వైపు చూశాడు.

"మంత్రివర్గం ఏకగ్రీవంగా నిర్ణయించింది అనాలి. ఏదీ, ఒక్కసారి అను వింటాను."

"మంత్రివర్గం ఏక..." ఆయనకు పొలమారింది. పెన్సిలమ్మ నీళ్ళందించింది. రెండు గుక్కలు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. "మంత్రివర్గం ఏకగ్రీవంగా నిర్ణయించింది గానీ..."

"గానీ లేదు."

"ఒక్క గానీ కూడా లేదా?"

"లేదు."

"అయితే కుదరదక్కా" అన్నాడాయన, నిజంగానే దిగులుపడుతూ. "రవాణా శాఖంటే ఇష్టమే నాకు. బస్సులంటే ఇష్టం. కండక్టర్లతో మాట్లాడటం ఇష్టం. కానీ ఆరు వారాల్లో రాజీనామా చేస్తాను."

"నాలుగు" అంది అత్తయ్య. "ఇక రాయబారి. రాజుగారు విందుకు పిలిచారు. మా దేశం ఎలా ఉందండీ అన్నారు."

"చాలా బాగుందంటాను."

"తర్వాత?"

"తర్వాతేముంది? తింటాను."

"నిజం చెప్పు."

నాన్న చొక్కా గుండీ తిప్పాడు. "మీ స్టేషన్లో గడియారం ఎందుకు తీసేశారని అడుగుతాను."

పెన్సిలమ్మకు నవ్వొచ్చింది. పద్దెనిమిదేళ్ళ అలవాటు కొద్దీ పెదాలు బిగించింది గానీ, బుజాలు కదిలిపోయాయి. అత్తయ్య అది చూసింది.

నవ్వు సంగతెలా ఉన్నా, రాయబారి అన్న మాట విన్నప్పట్నించీ పెన్సిలమ్మను వదలడం లేదు. అమ్మ పోయి పదకొండేళ్ళయింది. అప్పట్నించీ ఈ ఇంట్లో ఇద్దరే. ఆయన సముద్రం దాటితే, రోజూ పొద్దున్న పేపరు చదువుతూ ప్రధానిని తిట్టే గొంతు వినపడదు. ఆ తిట్లు లేని వంటిల్లు ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోలేకపోయింది.

"వాళ్ళకి నేను ఏ పదవిలో పనికొస్తానని కాదులే" అన్నాడు నాన్న, ఎట్టకేలకు కుర్చీ లాక్కుని. "నన్ను ఆ బెంచీ మీంచి లేపాలి. అంతే. ఈ సమావేశాల్లో కోర్టుల బిల్లొస్తోంది కదా. చిన్న ఊళ్ళల్లో అరవై రెండు కోర్టులు మూసేసి, పెద్ద ఊళ్ళల్లో కలిపేస్తారట. ఒక్క మధ్యాహ్నంలో చర్చ ముగించి ఓటింగు పెట్టేస్తారు. నేనుంటే లేచి నిలబడతానని భయం."

ఆయన మొదట్లో అలాంటి ఒక చిన్న కోర్టులోనే ప్లీడరు. రెండు గదులు, ఒక వరండా. గట్ల తగాదాలు, గొడ్ల తగాదాలు, మొగుడూ పెళ్ళాల తగాదాలు. పాతిక మైళ్ళు వెళ్ళలేని ముసలివాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ నడిచొచ్చి న్యాయం అడిగేచోటు. దాని గురించి మాట్లాడుతున్నప్పుడు ఆయన గొంతు ఎప్పుడూ ఒక మెట్టు దిగుతుంది.

"మరి నువ్వేమంటావమ్మా?" అన్నాడు ఉన్నట్టుండి కూతురి వైపు తిరిగి.

"నేనా? నేను సభ ఉద్యోగిని నాన్నా. నాకు అభిప్రాయాలుండకూడదు."

"ఇది సభ కాదే, వంటిల్లు."

"అయినా..."

"పద్దెనిమిదేళ్ళుగా నేను వాగిందంతా రాశావు. నా దగ్గు కూడా రాశావు. నాకేది సరిపోతుందో నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? చెప్పు."

పెన్సిలమ్మ స్టవ్ ఆపింది. టీ గ్లాసులు మూడూ బల్ల మీద పెట్టి తనూ కూర్చుంది. చెప్పకూడదనే అనుకుంది. కానీ ఆ మాట నాలుగు రోజులుగా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంక మింగడం ఆమెవల్ల కాలేదు.

"ఈ రెండూ కాదు. సభాపతి కుర్చీ."

సభాపతి కుర్చీ పది రోజులుగా ఖాళీగానే ఉంది. పాతాయనకు చెవులు బొత్తిగా వినపడక తప్పుకున్నాడు. సోమవారం పదకొండింటి దాకా నామినేషన్లు.

నాన్న ఫక్కున నవ్వాడు. "నేనా? నోరు మూసుకుని కూర్చునే ఉద్యోగమా?"

"నవ్వకు. ఆరేళ్ళ క్రితం ప్రతిపక్షంలో ఆ ఆసుపత్రి నర్సమ్మ మొదటిసారి గెలిచొచ్చింది, గుర్తుందా? మొదటి ప్రసంగం. నాలుగు వాక్యాలు కాకుండానే మీవాళ్ళు బల్లలు చరిచారు. ఆ పిల్ల అయిదో వాక్యం మొదలుపెట్టలేకపోయింది. అప్పుడు నువ్వు లేచావు. నీ పార్టీవాళ్ళ వైపే తిరిగి, ఆమె చెప్పేది నాకు వినపడటం లేదు, నేను ఒప్పుకోకపోవాలన్నా ముందు వినాలి కదా అన్నావు. సభ సద్దుమణిగేదాకా కూర్చోలేదు. పదకొండు నిమిషాలు. నేను గడియారం చూసి రాశాను."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"అది ఒక్కసారి కాదు నాన్నా. నీ ప్రసంగాలు అందరికీ గుర్తున్నాయి. నా పుస్తకాల్లో ప్రసంగాల కంటే ఎక్కువసార్లు ఉన్నవి వేరే. 'ఆయన్ని ముగించనివ్వండి.' 'ఆమెకు సమయం ఇవ్వండి.' 'నాకు వినపడలేదు, మళ్ళీ చెప్పమనండి.' ఇవి రాసీ రాసీ వాటికి ఒక గుర్తు పెట్టుకున్నాను. ఒక్క గీత గీస్తే నువ్వు ఎవరికోసమో లేచావని అర్థం."

నాన్న టీ గ్లాసు అంచు వేలితో రుద్దుతున్నాడు. తన గురించి ఎవరో మంచి చెబితే ఆయనకు ఎక్కడ చూడాలో తెలియదు.

"కుర్చీలో కూర్చుంటే కోర్టుల గురించి ఎవరు మాట్లాడతారే?" అన్నాడు చివరికి, చిన్నగా.

"అటు యాభై మందున్నారు. మీ వైపు కూడా ఒక పది మంది ఉన్నారు, లోలోపల గొణుక్కుంటున్నారు. మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. ఒక్క మధ్యాహ్నం కాదు, మూడు రోజులు మాట్లాడుకోండి అని చెప్పే మనిషే లేడు. మూడు రోజులు చర్చ జరిగితే ఆ బిల్లు నిలబడుతుందా?"

నాన్న కళ్ళల్లో ఒక మెరుపు కదిలింది. ఆమె చూసింది. అది ఇష్టమైన వాదన తగిలినప్పుడు వచ్చే మెరుపు. మరుక్షణం దాన్ని ఆయనే ఆర్పేసుకున్నాడు.

"లేదమ్మా. కుదరదు. నా నోరు ఊరుకోదు. తొమ్మిదేళ్ళ క్రితం అడిగినప్పుడూ అదే చెప్పాను." లేచి ఇస్త్రీ పెట్టె దగ్గరికి పోయి, ఇస్త్రీ చేయాల్సినదేమీ లేకపోయినా ప్లగ్గు పెట్టాడు.

"అబద్ధం" అంది అత్తయ్య.

"అక్కా!"

"ఏమిట్రా అక్కా? నాకు డెబ్భై ఎనిమిదేళ్ళు. నువ్వు చెప్పవద్దన్నావని తొమ్మిదేళ్ళు మోశాను. ఇంక మోయలేను." ఆవిడ మేనకోడలి వైపు తిరిగింది. "వీడు కాదన్నది నోరు ఊరుకోక కాదే. సభ నియమాల పుస్తకంలో ఒకటుంది. సభాపతికి రక్తసంబంధీకులెవరూ సభలో ఉద్యోగం చేయకూడదు. వీడు ఆ కుర్చీ ఎక్కితే నువ్వు ఆ బల్ల దిగాలి. అందుకని వద్దన్నాడు."

ఆ నియమం పెన్సిలమ్మకు తెలియదా? తెలుసు. నాలుగు రోజులుగా ఈ మాట గొంతులో ఆపుకున్నది అందుకే. నాన్న ఒప్పుకుంటే తన చోటు పోతుందని తెలిసే, తెగించి, ఆయనకు గుర్తురాకపోతే బాగుండునని చెప్పింది. తెలియనిదల్లా తొమ్మిదేళ్ళ నాటి సంగతి. ఆనాడు సభాపతి పదవి వద్దంటూ, "నాకు నోరు కుట్టుకోవడం రాదు, దర్జీని చూసుకోండి" అని ఆయన సభలో అన్నప్పుడు అందరూ పడీ పడీ నవ్వారు. ఆ మాటను తనే రాసింది. పక్కన 'నవ్వులు' అని కూడా రాసింది.

"నిన్నెవరు అడిగారు నాన్నా?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "నా ఉద్యోగం కాపాడమని నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"నాతో ఒక్క మాట అనలేదు. నాకు ముప్పై అయిదేళ్ళు అప్పటికి. పసిపిల్లనా? దేశమంతటికీ లేచి నిలబడతావు, వాళ్ళని మాట్లాడనివ్వండి, వీళ్ళని మాట్లాడనివ్వండి అంటావు. నన్ను మాత్రం అడగవు. నా తరఫున నువ్వే మాట్లాడేసి, నువ్వే ఓటేసేసి, నువ్వే ఇంటికొచ్చేస్తావు!"

ఇంత పెద్ద మాట ఆమె నోట ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. అత్తయ్య కూడా సర్దుకుని కూర్చుంది.

నాన్న ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేశాడు. తిరిగొచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మ పోయాక రెండేళ్ళు నువ్వు ఇంట్లో ఎలా ఉన్నావో నీకు గుర్తులేదు" అన్నాడు. "నాకు గుర్తుంది. పిలిస్తే పలికేదానివి, పెడితే తినేదానివి. అంతే. కానీ సభలో, ఆ బల్ల దగ్గర నువ్వు రాస్తుంటే, నా బెంచీలోంచి కనిపించేదానివి. పెన్సిలు పరిగెత్తేది. ఎవరైనా పిచ్చి మాటంటే నీ కనుబొమ్మ లేచేది. అది చూసి, హమ్మయ్య, పిల్ల బతికే ఉంది అనుకునేవాణ్ణి. వాళ్ళొచ్చి కుర్చీ ఇస్తామన్నారు. అందులో కూర్చుంటే ఎదురుగా ఆ బల్ల దగ్గర ఇంకెవరో ఉంటారు. ఏం చేసుకోను నేను ఆ కుర్చీని?"

పెన్సిలమ్మ కోపం ఎటు పోయిందో తెలియలేదు. లేచి వెళ్ళి సింకు దగ్గర, కడిగే ఉన్న గిన్నెను మళ్ళీ కడిగింది. అత్తయ్య చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది, బాగా మసకబారినట్టు.

"పోనీ, ఇప్పుడు అడుగు" అంది పెన్సిలమ్మ, వెనక్కి తిరగకుండానే.

"ఏమిటి?"

"అప్పుడు అడగలేదుగా. ఇప్పుడు అడుగు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను సభాపతిగా నిలబడితే నీ ఉద్యోగం పోతుంది. నీకు సమ్మతమేనా?"

"ఉద్యోగం పోదు, బల్ల మారుతుంది." ఆమె చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది. "నువ్వు పనిచేసిన కోర్టులోనే స్టెనో లేడట. రెండేళ్ళుగా ఖాళీ. సాక్షులు చెప్పేది జడ్జి గారే చేత్తో రాసుకుంటున్నారట. బదిలీ కావాలని నిన్ననే దరఖాస్తు రాశాను. బస్సులో గంట ప్రయాణం. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాను."

"ఆ కోర్టే మూసేస్తామంటున్నారు కదే!"

"అందుకే మూడు రోజులు చర్చ జరిపించమంటున్నాను."

అత్తయ్య బల్ల మీద గట్టిగా చరిచింది. "చూశావుట్రా! నీ కంటే ఒక ఆకు ఎక్కువే చదివింది."

నాన్న నవ్వాడు. ఈసారి కళ్ళు కూడా నవ్వాయి, తడిగా. "అయితే నాదొక షరతు. పేరు ప్రతిపాదించే సభ్యుడు మన పార్టీవాడే కావాలి. అటువైపు వాళ్ళు యాభై మంది ఎగబడి సంతకం చేస్తారు, తెలుసు. పార్టీతో వంద విషయాల్లో పోట్లాడాను గానీ, పదవి కోసం గోడ దూకలేదు. నావాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు నమ్మి సంతకం పెడితే నిలబడతాను. లేకపోతే వెనక బెంచీలోనే చస్తాను."

నామినేషనుకు అచ్చు ఫారమే ఉండాలని లేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. అత్తయ్య సంచీలోంచి గీతల నోటుబుక్కు తీసి, కాగితం చింపి, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా తమ్ముడి పేరు రాసింది. అభ్యర్థి సంతకం దగ్గర ఆయన సంతకం చేశాడు. ప్రతిపాదించిన సభ్యుడు అన్నచోట చుక్కలు మాత్రం మిగిలాయి.

"ఎవరిని అడుగుతావు?" అంది పెన్సిలమ్మ.

"నాలుగింటికి వస్తున్నాడుగా. వాణ్ణే."

ఆమె ఆశ్చర్యపోయింది. "విప్పు గారినా?"

ఆశ్చర్యమే మరి. కానీ ఆ విప్పు గారు ఒకప్పుడు నాన్న దగ్గర జూనియరు ప్లీడరు. ఇరవై రెండేళ్ళ వయసులో, మోచేతి దగ్గర చిరిగిన నల్లకోటుతో ఆ చిన్న కోర్టు వరండాలో నిలబడితే, నాన్నే పిలిచి పని నేర్పాడు. ఇప్పటికీ గురువుగారూ అంటాడు. పార్టీ ఎన్నిసార్లు నాన్నను తీసేయబోయినా అడ్డుపడింది అతనేనని లోకానికి తెలియకపోయినా ఈ ఇంటికి తెలుసు.

సరిగ్గా నాలుగింటికి తలుపు చప్పుడైంది. విప్పు గారు మెట్లెక్కి వచ్చినందుకు చెమటలు కక్కుతున్నాడు. నలభై ఎనిమిదేళ్ళకే జుట్టు సగం నెరిసింది. ఎప్పుడూ ఒక మందలో ఎవరు తప్పిపోయారో లెక్క చూసుకుంటున్నట్టుండే మొహం. ఇవాళ మరీ పాలిపోయి ఉంది.

"రావోయ్, కూర్చో. అమ్మా, వీడికి టీ ఇవ్వు, చక్కెర ఎక్కువేసి."

"వద్దు చెల్లెమ్మా. మంచినీళ్ళు చాలు." నీళ్ళు గటగటా తాగేశాడు. "గురువుగారూ, జవాబు..."

"మంత్రీ వద్దు, రాయబారీ వద్దు. ప్రధానికి నా కృతజ్ఞతలు చెప్పు. నిజంగానే చెబుతున్నాను, వెటకారం కాదు."

విప్పు గారు తలూపాడు. ఆశ్చర్యపోలేదు. "ముందే అనుకున్నాను" అన్నాడు.

"ఇంకోటి." నాన్న బల్ల మీది కాగితాన్ని అతని వైపు జరిపాడు. "ఇది చదువు. నీ అంతట నువ్వు ఆలోచించుకో. బలవంతం లేదు. వద్దంటే మన మధ్య ఏదీ మారదు."

విప్పు గారు చదివాడు. ఒకసారి చదివి, మళ్ళీ మొదట్నించీ చదివాడు. పెన్సిలమ్మ ఎన్నో మొహాలను దగ్గర్నించి చూసిన మనిషి. ఏ సభ్యుడు అబద్ధమాడబోతున్నాడో, ఎవరికి ఏడుపొస్తోందో నోరు తెరవకముందే చెప్పగలదు. ఈ మొహంలో ఉన్నదేమిటో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు.

"గురువుగారూ" అన్నాడతను, కాగితాన్ని జాగ్రత్తగా కింద పెడుతూ. "ఇది నిన్న వచ్చుంటే కళ్ళు మూసుకుని సంతకం చేసేవాణ్ణి. మీ మీదొట్టు."

"నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైంది?"

"పొద్దున్న పార్టీ తన అభ్యర్థిని ఖరారు చేసింది. నేను వద్దన్నాను. పోట్లాడాను కూడా. వినలేదు. కోర్టుల బిల్లు ఒక్క పూటలో దాటించే మనిషి కావాలన్నారు. నేనైతే మాట జవదాటనని వాళ్ళ నమ్మకం."

"నువ్వా?" అంది అత్తయ్య.

విప్పు గారు కోటు లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అది అచ్చు ఫారం. విప్పి, అత్తయ్య చేతిరాత కాగితం పక్కన పెట్టి, అరచేత్తో మడతలు సరిచేశాడు. అభ్యర్థి చోట అతని పేరు, కింద అతని సంతకం. ప్రతిపాదించిన సభ్యుడు అన్నచోట చుక్కలు.

"చాలామంది సంతకం పెడతామన్నారు. ఎవరి చేతా పెట్టించుకోలేదు" అన్నాడు, నేల చూపులు చూస్తూ. "నా పేరు మీరు ప్రతిపాదిస్తేనే నిలబడతానని ప్రధానితో చెప్పేశాను. మీరు కాదంటే తప్పుకుంటాను. కానీ గురువుగారూ, అవునని సంతకం పెడితే మాత్రం ఒక మాట ఇస్తాను. ఆ కుర్చీలో కూర్చున్నాక వాళ్ళు చెప్పిన మాట వినను. మీరు నేర్పిన మాటే వింటాను. మూడు రోజులు కాదు, వారం రోజులు మాట్లాడనిస్తాను. మీరు బెంచీలోనే ఉండండి. మీరు మాట్లాడకపోతే ఆ కోర్టుల గురించి ఎవరు చెప్పినా అది వేరేలా ఉంటుంది."

బల్ల మీద రెండు కాగితాలు. వాటి మధ్య ఖాళీ అయిన నీళ్ళ గ్లాసు. అత్తయ్య నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆవిడ అలా చేయడం పెన్సిలమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

నాన్న తన శిష్యుడి మొహంలోకి చాలాసేపు చూశాడు, కోర్టులో సాక్షిని చూసినట్టు. తర్వాత కూతురి వైపు చూశాడు. ఈసారి అడుగుతున్నట్టే చూశాడు.

పెన్సిలమ్మ ఒక్కసారి తలూపింది.

"పెన్నిలా ఇవ్వమ్మా" అన్నాడు నాన్న. అది చేతికందగానే కుర్చీ ముందుకు జరుపుకుని, రెండు కాగితాల్లో ఒకదాన్ని తన వైపు లాక్కున్నాడు.